కోసినా తేలని సంగతి

పిన్నిగారు పోయిన దగ్గర్నుంచీ మా వీధిలో నన్ను పలకరించినవాళ్ళంతా అడుగుతున్నది ఒకటే ప్రశ్న: "ఆ గడ్డే కదండీ?" పాలవాడు అడిగాడు, ఇస్త్రీ చేసే ఆవిడ అడిగింది, ఆఖరికి మా కాలేజీ ప్రిన్సిపాలుగారు కూడా అడిగారు. గుండెపోటండీ అని చెబుతున్నాను. వినరు. లోపల అలాంటిది పెట్టుకుని గుండె మాత్రం ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందిలెండి అని వాళ్ళకు వాళ్ళే తీర్పు చెప్పుకుని వెళ్ళిపోతున్నారు. నేను అక్కడే నిలబడి, నిజంగా అదేనేమో అని ఒకసారి, ఛ, కాదులే అని ఇంకోసారి అనుకుంటాను. ఈ మధ్య నాకు ఇదే పనైపోయింది.

నన్నే ఎందుకు అడుగుతారంటే, ఆవిడ పరీక్షల కాగితాలన్నీ చదివిపెట్టింది నేను కాబట్టి. నేను చెప్పేది ఇంటర్ పిల్లలకు తెలుగు. సంధులు అడిగితే చెబుతాను, సమాసాలు అడిగితే చెబుతాను. నెత్తురు సంగతి నాకేం తెలుసు? కానీ మా వీధిలో కాలేజీలో పాఠం చెప్పే మనిషంటే అన్నీ తెలిసిన మనిషి. కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా నా దగ్గరికే తెస్తారు. ఇంగ్లీషు వైద్యం మాటలు నాకు రావు పిన్నిగారూ అంటే, "తెలుగు చెప్పేవాళ్ళకి ఇంగ్లీషు రాకూడదని ఎక్కడన్నా రాసుందా టీచరమ్మా?" అంటూ మొదటి కాగితం నా చేతిలో పెట్టేశారు. అప్పుడు పట్టుకున్న ఫైలు ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

ఆవిడ నాకు చుట్టం కాదు, మా పక్కింటావిడ. భర్త చిన్న వయసులోనే పోతే, మరిదితో కలిసి మామిడికాయల కమీషన్ కొట్టు నడిపారు. నూజివీడు మార్కెట్లో ఆడవాళ్ళు కాయలు ఏరతారు, గంపలు మోస్తారు, పెట్టెలు కడతారు. బేరం దగ్గర మాత్రం మగవాళ్ళే కూర్చుంటారు. ఈవిడ వెళ్ళి వాళ్ళ మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నేతచీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. పేపరు చూడాలన్నా, ఫోను చూడాలన్నా ఆ కళ్ళజోడు కావాలి గానీ కాయ చూడటానికి అక్కర్లేదు. కాయ తీసుకుని, ముచ్చిక దగ్గర వాసన చూసి, బొటనవేలితో ఒకసారి నిమిరి, అప్పుడు రైతు మొహం చూసేవారు. కాయకంటే మొహమే ఎక్కువ చెబుతుందట. ఆ తర్వాత లోడు మధ్యలోంచి ఒక కాయ లాగి, నడుముకు దోపుకున్న చిన్న కత్తితో టెంక దాకా కోసేవారు. టెంక ముదిరిందా, కండ పసుపు తిరిగిందా, పురుగు పడిందా అన్నది చూశాకే ఆవిడ నోటివెంట మాట వచ్చేది. "పైన చూసి పిల్లనైనా ఇవ్వొచ్చు గానీ పైన చూసి కాయ కొనకూడదు" అని ఒక సామెత చెప్పేవారు. అది ఆవిడ సొంతంగా కట్టిన సామెత అని నా అనుమానం. ఎక్కడా వినలేదు మరి.

కొట్లో కూర్చుంటే ఆవిడ నోట "లేదు" అన్న మాట రాదు. పెట్టెల్లో పరిచే గడ్డి అయిపోతే గడ్డి నిండుకుంది. లారీ రాకపోతే లారీ దారిలో ఉంది. వేలం రోజున ఒక్కడూ పాడకపోతే, "ఆలోచిస్తున్నారు". సీజనంతా ఆవిడ మామిడిపండు ముట్టేవారు కాదు. రుచి తెలిస్తే నోరు నిజం చెబుతుందట, నోరు నిజం చెబితే బేరం కుదరదట. మాకు మాత్రం ప్రతి వేసవికీ గంపెడు చిన్న రసాలు వచ్చేవి. బాగున్నాయా అని అడిగి, నేను బాగున్నాయని చెప్పేటప్పుడు నా మొహం వంక చూసేవారు, రైతు వంక చూసినట్టే.

అలాంటి మనిషికి కడుపులో గడ్డ వచ్చింది. పొట్ట బరువుగా ఉందని చాలా రోజులు వాయువు మీద తోసేసి వాము నమిలారు. చింతలపూడిలో ఇచ్చిన కూతురు వచ్చి చూసి, పోరుపెట్టి స్కానింగుకు తీసుకెళ్ళింది. గర్భసంచిలో గడ్డ. మన ఆడవాళ్ళలో ఇది ఇంటింటి కథే. ఫైబ్రాయిడ్ అంటారు, చాలామందికి ఉంటుంది, ఏమీ చేయదు. కానీ ముట్లు ఆగిపోయాక అలాంటి గడ్డ ముడుచుకోవాలట. ఈవిడది పెరుగుతోంది. అందుకని బెజవాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చదువుకున్న మనిషి తోడు ఉండాలని నన్నూ బయల్దేరదీశారు.

ఆ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పే మనిషి. ఇది చాలావరకు మామూలు గడ్డే అయివుంటుంది, నూటికో కోటికో ఒకరికి మాత్రం ఇదే రూపంలో కాన్సర్ ఉంటుంది, స్కానింగులో రెండూ ఒకేలా కనిపిస్తాయి అన్నారు. కొన్ని రక్తపరీక్షలు రాశారు. వాటితో తెలిసిపోతుందా అని పిన్నిగారు అడిగితే, కొంత అనుమానం తీరుతుంది అన్నారు. కొంత అంటే ఎంత అని నేను అడుగుదామనుకుని, తెలుగు టీచరు అడగాల్సిన ప్రశ్న కాదనిపించి ఊరుకున్నాను.

పిన్నిగారికి అసలు తొందర వేరే ఉంది. చింతలపూడి వైపు ఒక పెద్ద తోట ఉంది. ఎన్నో ఏళ్ళుగా దానిమీద ఆవిడ కన్ను. ఆ తోట ఆసామి వచ్చే రెండు సీజన్లకూ కలిపి గుత్తకిస్తానని కబురు చేశాడు. ఈ ఏడు కోతలు పూర్తయ్యేలోగా అవునో కాదో చెప్పాలి. తోట పట్టుకుంటే మందులు కొట్టించాలి, కాపలా పెట్టాలి, పూత నుంచి కోత దాకా మనిషి ఉండాలి. ఆవిడకు కావలసింది ఒకే ఒక్క మాట. రెండేళ్ళు ఉంటానా, ఉండనా? ఉంటే తోట పట్టుకుంటారు. ఉండకపోతే మరిది నెత్తిన రెండేళ్ళ తోట పెట్టి పోవటం అన్యాయం. ఇంత తేలిగ్గా చెప్పేవారు ఆ సంగతి.

రక్తం నూజివీడులో ఇస్తే చాలు, ల్యాబువాళ్ళు ఐసుపెట్టెలో పెట్టి బెజవాడ పంపిస్తారు. కానీ పిన్నిగారు లోడు దింపించి వెళ్ళేసరికి వాళ్ళ బండి వెళ్ళిపోయింది. తీసిన రక్తం రేపు పంపుతామన్నారు. ఆసామి పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేసి ఉన్నాడు, రేపటిదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. అప్పుడు మరిదిగారు రంగంలోకి దిగారు. సుకుమారమైన సరుకు ఊరు దాటించడం మనకొకళ్ళు నేర్పాలా అన్నారు. ల్యాబులో అమ్మాయి వద్దండీ అంటున్నా వినకుండా ఆ గొట్టం తీసుకున్నారు. పండ్లు పంపే అట్టపెట్టెలో వరిగడ్డి దట్టంగా పరిచి, నడిమధ్య గొట్టాన్ని పడుకోబెట్టి, పైన మళ్ళీ గడ్డి కప్పి, పురికొస బిగించి కట్టారు. బస్సులో వెనకైతే కుదుపులని ముందుకు వెళ్ళి, డ్రైవరు పక్కన ఇంజను మూత మీద పెట్టారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. కాయను మాగబెట్టాలన్నా మా ఊళ్ళో చేసేది అదే, గడ్డీ వేడీ.

ఫలితం వచ్చింది. ఎల్డీహెచ్ అని ఒక పరీక్ష. అంకె ఉండాల్సిన చోటు దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. పక్కన ఎర్రక్షరాలు. నేను ఆ కాగితం పట్టుకుని కూర్చుంటే పిన్నిగారు నా మొహం వంక చూశారు. నేనింకా నోరు తెరవలేదు, "సరేలే టీచరమ్మా, అర్థమైంది" అనేశారు. నాకేమీ అర్థం కాలేదు గానీ ఆవిడకు అర్థమైపోయింది. ఇంట్లో పొయ్యి వెలగలేదు. కూతురు చింతలపూడి నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. మరిదిగారు తిరుపతికి మొక్కుకున్నారు, మొక్కుకున్న సంగతి మార్కెట్టంతా చెప్పారు. సాయంత్రానికల్లా తోట ఆసామికీ తెలిసింది.

మర్నాడు బెజవాడ వెళ్ళాం, ఈసారి నలుగురం. డాక్టరమ్మ ఆ అంకె చూసి, పిన్నిగారిని చూసి, రక్తం ఎలా వచ్చింది ఇక్కడికి అని అడిగారు. మరిదిగారు గర్వంగా, ఎంత జాగ్రత్తగా తెచ్చారో గడ్డి దగ్గర్నుంచి చెప్పుకొచ్చారు. ఇంజను మూత దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నవ్వాలో కోప్పడాలో ఆవిడకూ తెలియలేదనుకుంటాను. రక్తంలో కణాలు వేడికీ కుదుపుకీ చితికిపోతే ఈ అంకె పెరుగుతుందట. అంటే మేము ఒక రోజంతా ఏడ్చింది పిన్నిగారి గడ్డకు కాదు, ఆర్టీసీ బస్సు ఇంజనుకు.

అక్కడే మళ్ళీ రక్తం తీశారు. ఈసారి అంకె దిగింది. దిగింది గానీ ఉండాల్సిన దానికి కాస్త పైనే ఆగింది. ఆ కాస్త మమ్మల్ని ముంచింది. ఎర్రక్షరాలు వచ్చినప్పుడు కనీసం ఏడవటం తెలిసింది. ఇప్పుడేం చేయాలో ఒకరికీ పాలుపోలేదు. ఇంకో పరీక్ష కూడా కాస్త ఎక్కువే వచ్చింది, అది మామూలు గడ్డకూ పెరుగుతుందట, చెడ్డ గడ్డకూ పెరుగుతుందట. రెంటికీ పెరిగేదాన్ని చూడటం దేనికండీ అని మరిదిగారు అడిగారు. నాకూ అదే సందేహం. డాక్టరమ్మ మాత్రం విసుక్కోలేదు.

"రక్తం అనుమానం చెబుతుందండీ, రుజువు చెప్పదు" అన్నారు.

పిన్నిగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "అయితే ఒక ముక్క కోసి చూడండి. మేం కాయ కోసి చూస్తాం."

అలా కుదరదని డాక్టరమ్మ చెప్పారు. సూది వేసి ముక్క తీస్తే, ఆ ముక్క మంచిదై పక్కనే చెడు ఉండొచ్చు. నిజంగా చెడ్డదే అయితే గుచ్చిన దారిలో పాకనూవచ్చు. గడ్డ మొత్తం బయటికి తీశాక చూడటమే పద్ధతి. తీయడానికి రెండు దారులున్నాయి. చిన్న బెజ్జాలు పెట్టి, లోపలే ముక్కలు చేసి లాగేయొచ్చు. అలా అయితే త్వరగా లేచి తిరగొచ్చు, కోతలు అందుతాయి. కానీ అది చెడ్డ గడ్డ అయితే ముక్కలు చేసినప్పుడు కడుపంతా చిమ్ముతుంది. లేదంటే పెద్ద కోత పెట్టి, గర్భసంచితో సహా చెదరకుండా తీయాలి. అప్పుడు సీజన్ అయ్యేదాకా మంచం దిగకూడదు.

"పెద్ద కోతే పెట్టండి," అన్నారు పిన్నిగారు. "కుళ్ళుకాయ పెట్టెలో చితికితే పెట్టె పెట్టే పోతుంది." కూతురు ఏదో అనబోతే చెయ్యి చూపించి ఆపేశారు. తర్వాత డాక్టరమ్మతో, "ఒకటి చెప్పండి. రెండేళ్ళ తోట పట్టుకోమంటారా, వద్దంటారా?" అన్నారు.

డాక్టరమ్మ నా వంక చూశారు. తోట ఏంటో, గుత్త ఏంటో నేను చెప్పాను. ఆవిడ, గడ్డ తీసి పరీక్షకు పంపాక చెబుతానన్నారు. పిన్నిగారు సరేనన్నారు. కోసి చూశాక చెబుతానన్న మాట ఆవిడకు నచ్చే మాటే. బస్సులో వచ్చేటప్పుడు ఎంతో తేలిగ్గా ఉన్నారు. మైలవరం దాటాక చిన్న కునుకు కూడా తీశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడ మంచంలో ఉండగా ఆ ఏడు కోతలు మరిదిగారి చేతుల మీద నడిచాయి. పొద్దునా సాయంత్రం మంచం దగ్గరికి ఒక్కొక్క కాయ తెచ్చి చూపించాల్సి వచ్చేది, పాపం. గడ్డ పరీక్ష కాగితం వచ్చిన రోజు నేను కాలేజీ నుంచి సరాసరి అక్కడికే వెళ్ళాను. చదివాను. మళ్ళీ చదివాను. నాకు రాని ఇంగ్లీషు అనుకుని డాక్టరమ్మకే ఫోన్ చేసి అడిగాను. నేను చదివింది సరైనదే. ఆ గడ్డ మామూలుదని చెప్పటానికి వీల్లేదు, కాన్సరని చెప్పటానికీ వీల్లేదు. అలాంటి గడ్డలు అరుదుగా ఉంటాయట, వాటికి ఒక పేరు కూడా ఉంది. ఆ పేరుకు అర్థమే, ఏమవుతుందో తెలియని గడ్డ అని. మందులేమీ అక్కర్లేదు, కొన్ని నెలలకోసారి వచ్చి స్కానింగు చేయించుకోవాలి, రక్తం ఇవ్వాలి. అంతే.

"ఏమని రాశారు?" అన్నారు పిన్నిగారు.

నేను తిప్పి తిప్పి చెప్పాను. తీసేశారు కాబట్టి మంచిదే అన్నాను, జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాలన్నాను. "కోసి చూశారుగా?" అన్నారు. చూశారన్నాను. "మరి?" అన్నారు. తెలియదని రాశారు పిన్నిగారూ అన్నాను.

గడ్డ ఉందన్నప్పుడు ఏడవలేదు ఆవిడ. ఎర్రక్షరాలు చూసి ఏడవలేదు. ఆపరేషన్ గదిలోకి వెళ్ళేటప్పుడు మరిదిగారిని ఓదార్చింది ఆవిడే. ఇప్పుడు ఏడ్చారు. కుట్లు నొప్పి పుట్టకుండా రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఏడ్చారు.

"ఉందంటే ఏడుస్తాను. లేదంటే నవ్వుతాను. తెలీదంటే ఏం చెయ్యాలో చెప్పు టీచరమ్మా."

ఆవిడ చేతి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో ఆ పూటే తెలిసింది నాకు.

కొన్నాళ్ళకు లేచి కూర్చున్నాక తోట ఆసామికి ఫోన్ చేయించారు. ఈ సంగతంతా విన్నవాడే కదా, బేరం తప్పించుకుంటాడనుకున్నాం. పిన్నిగారు అటు మాట్లాడనివ్వలేదు. రెండేళ్ళు చాలవు, మూడేళ్ళకిస్తేనే పట్టుకుంటానన్నారు. మరిదిగారు అక్కడే నేలమీద చతికిలబడ్డారు. వదినకు మత్తుమందు ఇంకా దిగలేదేమో కనుక్కోండి అని నా చెవిలో అన్నారు. చివరికి ఆసామి ఒప్పుకున్నాడు. తర్వాత నేను మెల్లగా అడిగాను, మూడేళ్ళు ఎందుకు అడిగారని. ఏదో గొప్ప లెక్క చెబుతారనుకున్నాను.

"ఏమో," అన్నారు. "రెండంటే భయమేసింది. మూడంటే వెయ్యలా."

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ మామూలు మనిషి. రక్తం ఇవ్వడానికి మాత్రం స్వయంగా బెజవాడ వెళ్ళేవారు, పెట్టెలు కట్టే మరిదిని నమ్మేది లేదని. ఫలితం నా ఫోనుకు వచ్చేది. నేను గోడ మీంచి తొంగి చూడగానే, "ఇవాళ నా రేటెంత?" అని అడిగేవారు. కాస్త దిగింది పిన్నిగారూ అంటే, దిగితే మంచిదేగా, నా జన్మలో రేటు దిగితే సంతోషించింది ఇదొక్కటే అనేవారు. ఇంకోసారి కాస్త ఎక్కేది. అప్పుడు, జలుబు చేసినా ఎక్కుతుందేమో కనుక్కో అని డాక్టరమ్మకు నాతో ఫోన్ చేయించేవారు. డాక్టరమ్మ ఒకసారి, ఇకనుంచి ఇంత తరచుగా రానక్కర్లేదు అన్నారట. పిన్నిగారు ఇంటికి వచ్చి నా మీద పడ్డారు.

"అంటే బాగుందనా, చూసి లాభం లేదనా?"

బాగుందనే అనుకుంటున్నాను అన్నాను. నువ్వు అనుకుంటే సరిపోతుందా అన్నారు. మళ్ళీ తనే, సరే, నువ్వు అనుకో, నేనూ అనుకుంటాను అన్నారు.

ఈ మాఘంలో, చింతలపూడి తోట నిండా పూత ఉండగా, మందు కొట్టించడానికి వెళ్ళి అక్కడే కుర్చీలో ఒరిగిపోయారు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది. గుండెపోటని రాసిచ్చారు. అంతకు నెల ముందు స్కానింగులో ఏమీ లేదు. రక్తం అంకె ఎప్పటిలాగే గీతకు కాస్త అటూ ఇటూ ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. ఇన్ని తెలిసినా, వీధిలో ఎవరైనా "ఆ గడ్డేగా" అంటే, కాదని గట్టిగా చెప్పే ధైర్యం రాదు నాకు.

కర్మలన్నీ అయ్యాక ఆవిడ కూతురు మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇచ్చాను, తాగలేదు. అమ్మ ఫైలు చూపించమంది. బీరువాలోంచి తీసి ఇస్తే ఒక్కో కాగితం తిప్పుతూ కూర్చుంది. తనకు ఆరు నెలలుగా ముట్టు ఆగకుండా అవుతోందని అప్పుడు చెప్పింది. భర్తకు కూడా చెప్పలేదట.

"అమ్మ దేంతో పోయిందో రాసిచ్చారు టీచరుగారూ. ఇన్నాళ్ళూ దేంతో బతికిందో మీరు చెప్పండి."

ఆ కాగితాల్లో ఉంటే కదా చెప్పడానికి. తెలియదమ్మా అన్నాను. ఆ అమ్మాయి తల్లిలాగే నా మొహం వంక చూసింది. దాస్తున్నానేమోనని చూసింది.

రేపు బెజవాడ వెళదాం, ఆ డాక్టరమ్మకే చూపిద్దాం అన్నాను.

"వెళితే చెప్తారా?"

"చెప్పలేకపోవచ్చు," అన్నాను. "నేనూ వస్తాను."